క్లౌడు దస్త్రములకు గీటురాయి



నేను ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. చిన్ననాట గురువుగారి సన్నిధిని కొంత కావ్యమును, వ్యాకరణమును, ఇంచుక తర్కమును చదివికొంటిని. కంప్యూటరు విద్య నా విద్య కాదు. అట్టివాడు కంప్యూటరు దస్త్రముల పరీక్షను గూర్చి మాటలాడుట యేమని మీకు తోచవచ్చును. దానికి గల కారణమును మొదట మనవి చేసెదను.

పింఛను పుచ్చుకొనువారు తాము బ్రదికియున్నట్లు ఏటేట ఋజువు నీయవలయునని మీరెఱుగుదురు. కొన్ని యేండ్ల క్రిందట నేనును ఒక కచ్చేరికి పోయి, వేలిముద్ర వేసి, ఋజువు నిచ్చితిని. అచ్చటి గుమాస్తా యంత్రమువైపు చూచి, "అందినదండీ, ఇక పోయి రండి" అనెను. రసీదు అడుగుట నాకు తోపలేదు. మూడు నెలలకు పింఛను నిలిచిపోయెను. మరల పోయి విచారింపగా, వేఱొక గుమాస్తా అదే యంత్రమును చూచి, "మాస్టారూ, తాము బ్రదికియున్నట్లు మా లెక్కలో లేదండీ" అనెను. ఆయన యెదుటనే నిలుచుండి నేనా మాట వింటిని. నిలిచిన పింఛను తిరిగి చేతికి వచ్చుటకు నాలుగు మాసములు పట్టెను. ఆ నాలుగు మాసములును నా భార్య మందులకు అప్పు చేయవలసి వచ్చెను.

పండుగకు వచ్చిన మా మేనల్లునితో ఈ సంగతి చెప్పితిని. అతడు హైదరాబాదులో ఇట్టి దస్త్రములను పరీక్షించు కొలువులో నున్నాడు. అతడు విని నవ్వలేదు. "మామయ్యా, మీ విషయమున నేమి జరిగినదో చూడక చెప్పలేను. కాని 'అందినది' అని చెప్పి, అందినదానిని పోగొట్టుట మా వృత్తిలో మిక్కిలి పెద్ద దోషము. ఆ దోషమును పట్టుటకే కొందఱు గట్టి పరీక్షలు కల్పించి, వానిని లోకమున కుచితముగా నిచ్చినారు" అనెను. అతడు చెప్పగా వినియు, పిదప చదివియు నేను గ్రహించిన చరిత్రను నేడు మీ ముందుంచుచున్నాను.

ఆ దస్త్రములెట్టివో మొదట తెలియవలెను. పూర్వము ఊరి భూముల లెక్క కరణము ఇంటి పెట్టెలో నుండెడిది. 1984వ సంవత్సరమున ఆ పదవులు రద్దగువఱకు ఆయన వ్రాసినదే వ్రాత. పెట్టెకు చెదలు పట్టినను, ఇల్లు కాలినను లెక్క పోయెడిది. దీనికి మార్పుగా ఇట్లూహింపుడు. ఒక ఏటికి ఈ యొడ్డున ఇద్దఱు కరణములు, ఆ యొడ్డున ముగ్గురు కరణములు కలరు. ఐదుగురును ఒకే లెక్కను ఐదు పుస్తకములలో వ్రాయుదురు. ఎవరియొద్ద క్రొత్త పద్దు పడినను తలారిచేత చీటి పంపి తక్కిన నలుగురిచేతను వ్రాయింతురు. ఒక పుస్తకము కాలిపోయినను నాలుగు మిగులును. రైతు తనకు దగ్గఱనున్న కరణమునొద్దకు పోవచ్చును. ఇంతవఱకు అంతయు లాభమే.

కాని ఏఱు పొంగి తలారి దాటలేని దినమున నేమగును? ఈ యొడ్డున అన్న పొలమును అమ్మి వ్రాయించెను. అదే దినమున ఆ యొడ్డున తమ్ముడు ఆ పొలమునే తాకట్టుపెట్టి వ్రాయించెను. ఏఱు తీసిన పిదప ఏది నిజము? ఈ విద్యకంతకు మూలమైన చిక్కు ఇదియే.

కరణములకు బదులు యంత్రములను, తలారికి బదులు తీగను పెట్టుకొనుడు. ఆ యంత్రములను సర్వరులందురు. ఇట్లు పెక్కు సర్వరులపై పంచియుంచిన దస్త్రమును డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసు అందురు. సర్వరులను ఎవరికి వారు కొనక, ఒక పెద్ద సంస్థయొద్ద అద్దెకు తీసికొని వాడుకొనుటకు క్లౌడని పేరు. క్లౌడనగా మేఘము. పేరు మేఘమేగాని ఆకాశమున నేదియు లేదు. గోడలు, కప్పు, కరెంటు, చల్లనిగాలి ఏర్పాటు గల ఇండ్లు నేలమీదనే యున్నవి. అమెజాను సంస్థ 2006వ సంవత్సరమున ఇట్లు అద్దెకిచ్చుట ప్రారంభించెను. 2022 నవంబరులో ఆ సంస్థయే హైదరాబాదు ప్రాంతమునను విడివిడిగా మూడు తావులలో ఇట్టి ఇండ్లను తెఱచెను. కావున ఇది దూరదేశపు ముచ్చట మాత్రము కాదు.

ఏఱు పొంగినప్పటి చిక్కును గూర్చి అమెరికాలోని బర్క్‌లీ పండితుడు ఎరిక్ బ్రూయర్ 2000వ సంవత్సరమున ఒక మాట చెప్పెను. దానిని 2002లో సేథ్ గిల్బర్ట్, నాన్సీ లించ్ అను ఇరువురు గణితమార్గమున నిరూపించిరి. దాని తాత్పర్యమిది: తీగ తెగినప్పుడు రెండే దారులు గలవు. కొందఱు కరణములు కలము క్రింద పెట్టి, ఏఱు తీయువఱకు వ్రాయమని చెప్పవలెను. లేదా అందఱును వ్రాయుచుండి, లెక్కలు వేఱుపడుటకు ఒప్పుకొనవలెను. ఎల్లవేళల అందఱికడను వ్రాయుటయు, ఎల్లవేళల లెక్క ఒక్కటిగా నుండుటయు తీగ తెగినవేళ కలిసి పొసగవు. ఈ సత్యము తెలిసియు, తమ సరకు రెంటిని నెఱవేర్చునని చెప్పుకొన్న వర్తకులు లేకపోలేదు. పరీక్షల అవసరము అచ్చటనే పుట్టినది.

బంగారమును నాలుగు విధముల పరీక్షింతురని మన పెద్దలు చెప్పుదురు. గీటురాయిపై ఒరయుట, నిప్పున కాల్చుట, సుత్తితో కొట్టుట, ఉలితో కోయుట అని ఆ నాలుగు. దస్త్రముల పరీక్షలును ఇంచుమించుగా ఈ వరుసనే పుట్టినవి.

మొదటిది ఒరయుట. 1983లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డినా బిటన్, డేవిడ్ డివిట్, కారొలిన్ టర్బీఫిల్ అనువారు అమ్మకమునకు వచ్చిన డేటాబేసులను ఒకే కొలతతో కొలిచి, పేర్లతో ఫలితములు ప్రకటించిరి. కొందఱు అమ్మకపుదారులకు ఇది రుచింపలేదు. తమ అనుమతి లేక పరీక్షాఫలితములను ప్రకటింపరాదని కొనువారి ఒడంబడికలో ఒక నియమము చేరినది. దానికి నేటికిని ఆ వృత్తివారు డివిట్ నిబంధన యని పేరు చెప్పుకొందురు. ఎద్దును అమ్మువాడు, "కాడి కట్టి చూచుకొనుడు, కాని అది చతికిలబడినచో ఊరిలో చెప్పరాదు" అని షరతు పెట్టినట్లున్నది.

1985వ సంవత్సరమున జిమ్ గ్రే అను మహాపండితుడు, మఱి కొందఱితో కలిసి, పేరు చెప్పక 'అనామకుడు, ఇతరులు' అను సంతకముతో ఒక పత్రికలో వ్యాసము ప్రకటించెను. అందు బేంకిలో సొమ్ము జమ, ఖర్చు వ్రాయు పనినే కొలబద్దగా పెట్టి, నూటికి 95 పద్దులు ఒక సెకండులోపల ముగియవలెనను నియమముతో, సెకండునకు ఎన్ని పద్దులు వ్రాయగలదో కొలువుమనెను. 1988లో ఓమ్రి సెర్లిన్ పూనికతో ఎనిమిది సంస్థలు కలిసి టీపీసీ యను కొలతల మండలిని స్థాపించెను. ఆ మండలి కొలతలను నియమించి, తనిఖీదారులచేత ఫలితములను సరిచూపించెను. గ్రే పండితుడు ఈ రంగమున 1998లో ట్యూరింగ్ బహుమానము నందెను. 2007 జనవరిలో ఒంటరిగా పడవపై సముద్రమునకు పోయి మరలిరాలేదు. ఆయన గీచిన గీటురాయి మాత్రము నిలిచినది.

అయినను ఆ పరీక్షకు ఖర్చు మెండు. సామాన్యునికి అందదు. ఇచ్చట ఓపెన్ సోర్సు అను మాటను వివరింపవలెను. అంగడివాడు తన త్రాసుతో తానే తూచునప్పుడు పళ్లెము క్రింద చింతపండు ముద్ద అంటించినాడో లేదో మనకు తెలియదు. త్రాసును తలక్రిందులుగా పట్టి అందఱికి చూపించినచో తెలియును. అట్లే కంప్యూటరు నడుచుటకు వ్రాసిన మూలగ్రంథమును దాచక లోకము ముందుంచి, ఎవ్వరైనను చదువవచ్చును, నడుపవచ్చును, తప్పున్న దిద్దవచ్చును, ఇతరులకు ఈయవచ్చును అని అనుమతించుట ఓపెన్ సోర్సు. కొలుచు సాధనమే ఇట్లు బహిరంగమైనచో కొలతపై వాదము తగ్గును. నీ కొలత తప్పని యెవడైన ననినచో, ఇదిగో సాధనము, నీవే కొలిచి చూడుమని చెప్పవచ్చును.

ఇట్టి బహిరంగ సాధనములలో రెండవ పరీక్షకు, అనగా కాల్చుటకు, పేరుపడినది వైసీఎస్‌బీ. 2010వ సంవత్సరమున యాహూ సంస్థలోని బ్రయన్ కూపర్, ఆడమ్ సిల్బర్‌స్టీన్, ఎర్విన్ టామ్, రఘు రామకృష్ణన్, రస్సెల్ సియర్స్ అను ఐదుగురు దీనిని వెలువరించిరి. వీరిలో రఘు రామకృష్ణన్ మదరాసు ఐఐటీలో చదివినవాడు. వారు ఆఱు సర్వరులపై 12 కోట్ల పద్దులుంచి, కసాండ్రా, హెచ్‌బేస్, మైసీక్వెల్, తమ సంస్థవారి పీనట్స్ అను నాలుగు దస్త్రములను కొలిచిరి.

వారి విధానము మెచ్చదగినది. అన్ని కచ్చేరుల పని ఒకటి కాదు. ఒకచోట సగము వ్రాత, సగము చదువు. ఒకచోట నూటికి 95 పాళ్లు చదువు, ఐదు పాళ్లు మాత్రమే వ్రాత. ఒకచోట క్రొత్తగా వ్రాసిన పద్దులనే అందఱు అడుగుదురు. ఇట్లు పనిని తెగలుగా విభజించి ఒక్కొక్క తెగకు వేఱు పరీక్ష పెట్టిరి. తీర్థమునాడు ఊరిలోని నూఱు వీధులలో జనము సమముగా నుండరు గదా. గుడి వీధిలోనే క్రిక్కిఱిసియుందురు. దస్త్రములోను కొన్ని పద్దులనే వేలమంది అడుగుదురు. ఈ లోకరీతిని గూడ పరీక్షలో చేర్చిరి. పిదప బండిపై బస్తా మీద బస్తా వేసినట్లు, సెకండునకు వచ్చు అడుగుదలలను క్రమముగా పెంచుచు, జవాబు ఎంత ఆలస్యమగుచున్నదో ప్రతి మెట్టునను వ్రాసికొనిరి. ఎద్దు ఎన్నవ బస్తాకు అడుగు తడబడునో తెలిసినట్లు, దస్త్రము ఎచ్చట తడబడునో దీనివలన తెలిసెను. దీనినే ఒత్తిడి పరీక్ష యందురు.

అయితే కొలుచువాని చేతిలోనే ఒక మోసము దాగియున్నదని గిల్ టెనే అను నిపుణుడు చూపెను. అది తెలిసి చేసిన మోసము కాదు. ఒక ఉదాహరణ చెప్పెదను. ఒక కచ్చేరికి నిమిషమునకొకడు చొప్పున జనము వచ్చుచున్నారు. గుమాస్తా ఒక్కొక్కరి పని అర నిమిషమున ముగించుచు గంటసేపు పనిచేసి, పిదప గంటసేపు లేచిపోయెను. పరీక్షకుడు ఒక చీటి యిచ్చి, దానికి జవాబు వచ్చినపిదపనే రెండవ చీటి నిచ్చువాడు. అతని పుస్తకములో అర నిమిషమున ముగిసిన చీటులు 60, గంట పట్టిన చీటి ఒక్కటి. 61లో 60 మంచివి గనుక గుమాస్తా దొడ్డవాడని తీర్పు. కాని గుమాస్తా లేని గంటలోను 60 మంది వచ్చి నిలిచిరి. మొదటివాడు గంట నిలిచెను. తుదివాడు నిమిషము నిలిచెను. సగటున అరగంట నిలిచిరి. వారి కష్టము పుస్తకమున కెక్కలేదు. గుమాస్తా నిలిచినప్పుడు తానును నిలిచిపోయిన పరీక్షకుడు వరుసలోని జనమును చూడలేకపోయెను. ఈ లోపము బయటపడిన పిదప వైసీఎస్‌బీ మొదలగు సాధనములలో దానిని దిద్దుకొను మార్గము చేర్చిరి. సాధనము బహిరంగమైనందున నిట్టి దిద్దుబాటు సులువైనది.

మూడవది కొట్టుట. నెట్‌ఫ్లిక్స్ అను సంస్థ ఇండ్లకు చలనచిత్రపు బిళ్లలను తపాలాలో పంపుచుండెడిది. 2008 ఆగస్టులో దాని దస్త్రము చెడి మూడు దినములు బిళ్లలు పంపలేకపోయెను. అంతట వారు తమ పనిని క్లౌడునకు మార్చుకొన నారంభించిరి. అద్దె యంత్రము ఎప్పుడు ఆగిపోవునో తెలియదు. ఆగునేమో యని వెఱచుటకంటె, మనమే ఆపి చూచుట మేలని వారు నిశ్చయించిరి. కేయాస్ మంకీ యను సాధనమును కల్పించిరి. యంత్రశాలలో కోతిని విడిచినట్లు, అది నడుచుచున్న యంత్రములలో ఏదో యొకదానిని ముందు చెప్పక ఆపివేయును. కల్లు త్రాగిన కోతివంటి దీనిని కోరి తెచ్చుకొనుట పిచ్చియని మీకు తోచవచ్చును. కాని అందొక వివేకము గలదు. పనివారందఱు మేల్కొని తమ తమ చోటుల నుండు పని వేళలలోనే కోతిని విడిచెడివారు. అర్ధరాత్రమున తానై వచ్చు ఆపదను పట్టపగలు పిలిచి ఎదుర్కొనుట దీని మర్మము. 2012 జూలైలో ఆ సాధనపు మూలగ్రంథమును ఎల్లరకు ఇచ్చివేసిరి. దానికి పిదప ఇట్టి సాధనములు మఱికొన్ని బయలుదేరినవి. కేయాస్ మెష్, లిట్మస్ అనునవి వానిలో రెండు. ఇవియు బహిరంగములే.

నాలుగవది కోయుట. నా పింఛను కథకు ఇదియే దగ్గఱ. కైల్ కింగ్స్‌బరీ అను అమెరికా యువకుడు 2013లో జెప్సెన్ అను సాధనముతో కొన్ని ప్రసిద్ధ దస్త్రములను పరీక్షించి ఫలితములను వరుసగా ప్రకటించెను. అంతవఱకు పరీక్షకులు ఎక్కువగా అడిగిన ప్రశ్న "ఎంత వేగము?" అని. ఇతడు "చెప్పిన మాట నిలుపుకొనునా?" అని అడిగెను.

అతని పద్ధతి వినుడు. సాధారణముగా ఐదు సర్వరులను తీసికొనును. మన పంచాయతివలె ఐదుగురన్నమాట. వానికి నిర్విరామముగా పద్దులు పంపుచు, దేనికి "అందినది" అని జవాబు వచ్చెనో, దేనికి రాలేదో పూసగ్రుచ్చినట్లు వ్రాసియుంచును. నడుమ తీగ తెంచి ఇద్దఱిని ఒక యొడ్డునను, ముగ్గురిని వేఱొక యొడ్డునను చేయును. గడియారములను ముందు వెనుకలు చేయును. పిదప తీగ కలిపి, అంతయు శాంతించిన తరువాత, "నీవు అందినదన్న పద్దులన్నియు చూపుము" అని అడుగును. ఈ చెఱుపు చేయు భాగమునకు నెమెసిస్ అని పేరు. గర్వమును శిక్షించు గ్రీకు దేవత పేరది. మన శాస్త్రములలో పూర్వపక్షి యొకడుండును. సిద్ధాంతమును పడగొట్టుటకు ఎంత బలమైన వాదము గలదో అంతయు అతడు చెప్పవలెను. పూర్వపక్షము బలహీనమైనచో సిద్ధాంతమునకు విలువ లేదు. జెప్సెన్ చేయు పని నాకు పూర్వపక్షి పనివలెనే తోచినది.

2013నాటి పరీక్షలలో రెడిస్ అను దస్త్రము ఒకటి. దానికి తోడుగా ప్రధాన యంత్రము చెడినప్పుడు వేఱొకదానిని ప్రధానము చేయు సెంటినెల్ అను కావలి యేర్పాటు గలదు. తీగ తెంపగా, చిన్న జట్టున చిక్కిన పాత ప్రధానుడు సంగతి తెలియక పద్దులు పుచ్చుకొనుచునే యుండెను. పెద్ద జట్టువారు క్రొత్త ప్రధానుని ఎన్నుకొనిరి. తీగ కలిసినంతనే పాత ప్రధానుని పదవి పోయెను. ఆతడు వ్రాసిన పద్దులును పోయెను. లెక్క చూడగా "అందినది" అని చెప్పబడిన పద్దులు 1,998. తుదకు మిగిలినవి 872. పోయినవి 1,126, అనగా నూటికి 56 పాళ్లు. ఈ అంకెలను చదివినప్పుడు నా కండ్ల ముందు ఆ కచ్చేరి మెదలెను. ఆ 1,126 పద్దులలో ప్రతిదియు "అందినదండీ, ఇక పోయి రండి" అను మాటయే గదా!

న్యాయమునకు రెండవ పక్షమును చెప్పవలెను. రెడిస్ వేగము కొఱకు పుట్టినది. వ్రాసినదానిని తక్కిన యంత్రములకు తీరికగా పంపుట దాని స్వభావము. దానిని నిర్మించిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో బహిరంగముగా ప్రత్యుత్తరము వ్రాసెను. ఇరువురును లోకము చూచుచుండగా వాదించుకొనిరి. పరీక్షాసాధనము అందఱియొద్ద నున్నందున ఎవరి మాటను ఎవరును గ్రుడ్డిగా నమ్మనక్కఱలేకపోయెను. 1983లో ఫలితములు ప్రకటింపరాదన్న కాలమునకును, దీనికిని ఎంత భేదము! పిదప పెక్కు దస్త్రముల నిర్మాతలే రుసుము చెల్లించి జెప్సెన్ పరీక్ష చేయించుకొని, దొరకిన తప్పులను అచ్చువేయనిచ్చి, దిద్దుకొనిరి. నింద పడుటకు ఒప్పుకొన్నవానికే నమ్మకము దక్కునని వారు గ్రహించిరి.

2020వ సంవత్సరమున కింగ్స్‌బరీయు, పీటర్ అల్వారో అను ఆచార్యుడును ఎల్ అను క్రొత్త సాధనమును ప్రకటించిరి. పెక్కు వ్యవహారములు ఒకేసారి నడచినప్పుడు, వాని జవాబులను బట్టి ఏది ముందు, ఏది వెనుక యని అది త్రాడు పేనును. మొదటి వ్యవహారము రెండవదానికి ముందనియు, రెండవది మొదటిదానికి ముందనియు తేలినచో లెక్క తప్పినట్లే. దీనిని మన తార్కికులు అన్యోన్యాశ్రయమందురు. మూడింటి నడుమ త్రాడు చుట్టి వచ్చినచో చక్రకమందురు. తర్కము చదువుకొన్న కాలమున ఈ దోషముల పేర్లను వల్లించితినిగాని, పొలము లెక్కను కాపాడుటకు అవి పనికివచ్చునని నేను తలపలేదు. ఆ యేడే ఈ సాధనము పోస్ట్‌గ్రెస్ అను మిక్కిలి పేరుగాంచిన దస్త్రమునందును ఒక లోపమును బయటపెట్టెను. దాని నిర్మాతలు తగవులాడక అదే సంవత్సరమున దిద్దిరి.

ఇన్ని పరీక్షలెందుకు, తీగ తెగుట అరుదు గదా యని యెవరైన ననవచ్చును. 2018 అక్టోబరు 21వ తేదీన గిట్‌హబ్ అను సంస్థలో ఒక పరికరమును మార్చుచుండగా రెండు తావుల నడుమ తీగ 43 సెకండులు తెగినది. కన్ను మూసి తెఱచునంత కాలము. ఆ తెంపువలన అమెరికా తూర్పు తీరమున కొన్ని పద్దులు, పడమటి తీరమున కొన్ని పద్దులు వేఱువేఱుగా పడెను. సంస్థ పని పూర్తిగా చక్కబడుటకు 24 గంటల 11 నిమిషములు పట్టెను. సంస్థవారు ఆ ఆలస్యమును ఓర్చుకొని, లెక్క తప్పకుండుటయే ముఖ్యమనిరి. జరిగినదంతయు వ్రాసి ప్రకటించిరి. 43 సెకండుల తెంపునకు ఒక దినము శిక్ష! ఊరికి అడ్డముగా ఏఱు ఎంతసేపు పాఱినదను లెక్క కాదు. ఆ వేళ ఎవరు కలము పట్టియుండిరనునదే లెక్క.

ఇంతమాత్రముచే పరీక్షలు సర్వరోగనివారిణులని నేననను. పరీక్షలో తప్పు దొరకినచో తప్పున్నట్లు రూఢి. దొరకనిచో లేనట్లు రూఢి కాదు. నాలుగు పరీక్షలకు నిలిచిన బంగారమునైనను కంసాలి చేతిలో పెట్టి వెనుదిరుగము గదా. మఱియు తీగలకు, యంత్రములకు పెట్టు పరీక్ష కచ్చేరిలోని మనుష్యుని అలసత్వమును పట్టజాలదు. నా పద్దు యంత్రము పోగొట్టినదో, గుమాస్తా మీట నొక్కుట మఱచెనో నేడు తేల్చు దారి లేదు. ఆనాడు ఒక రసీదు ముక్క నాచేత నున్నచో ఆ నాలుగు మాసముల అప్పు నాకు తప్పియుండెడిది.

పెద్దలారా! ఈ చరిత్ర నుండి నేను నేర్చినది రెండు మాటలు. దస్త్రమునకు వేగము అలంకారము, మాట నిలుపుకొనుట ప్రాణము. ఆ మాటను కొలుచు త్రాసు అందఱికి కనబడుచోట వ్రేలాడవలెను. నేడు మన పొలము, మన సొమ్ము, తుదకు మనము బ్రదికియున్నామను సంగతియు కంటికి కనబడని యంత్రములలో నున్నవి. కరణము తప్పు వ్రాసినచో ఆయన యింటికి పోయి అడిగెడివారము. యంత్రము నెవరింటికి పోయి అడుగుదుము? కావున ముందే అడుగవలెను. మీ యూరి లెక్కలు కంప్యూటరు కెక్కినవని చెప్పవచ్చిన అధికారులను గౌరవముతో ఇట్లడుగుడు: "అయ్యా, దీనికి తీగ తెంచి పరీక్ష చేసినారా? ఎవరు చేసినారు? ఫలితములను ప్రకటించినారా?" ఈ ప్రశ్నలకు ఇంగ్లీషు అక్కఱలేదు. సంతలో ఎద్దును కొనునప్పుడు కాడి కట్టి చూపుమని అడిగెడి నోటితోనే అడుగవచ్చును.

మన యిండ్లలోని పిల్లలు ఎందఱో హైదరాబాదు, బెంగుళూరులలోను, సముద్రము దాటియు ఇట్టి కొలువులలో నున్నారు. వారింటికి వచ్చినప్పుడు జీతమెంత యని మాత్రమే అడుగక, "నాయనా, నీవు చేయు దస్త్రము అందినదన్న పద్దును పోగొట్టదు గదా?" అని అడుగుడు. మా మేనల్లుని నేనట్లే అడిగితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "ఇంకను కొన్ని పరీక్షలు మిగిలియున్నవి మామయ్యా" అనెను. ఆ జవాబు నాకు నచ్చినది.

మీరును ఏ కచ్చేరిలో నేది యిచ్చినను రసీదు పుచ్చుకొనక గుమ్మము దాటకుడు.